పదిహేడేళ్ల ఆటగాడు, ఐదేళ్ల ఒప్పందం: హూడి తల్లిదండ్రుల ప్రశ్నలు

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ ఉద్యోగాల కోసం వచ్చి హూడిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల పిల్లల్లో కొందరికి క్రికెట్ కన్నా బాస్కెట్‌బాల్ మీదే మనసు. అపార్ట్‌మెంట్ కోర్టులో మొదలైన ఆట స్కూలు జట్టుకూ, అక్కణ్నుంచి జిల్లా, రాష్ట్ర సెలక్షన్లకూ చేరుతుంది. 2023లో మెట్రో పర్పుల్ లైన్ పూర్తయ్యాక ఆ దారి ఇంకా సులువైంది. హూడి స్టేషన్‌లో ఎక్కిన పిల్లవాడు రైలు మారకుండా కబ్బన్ పార్క్‌లో దిగి కంఠీరవ స్టేడియానికి నడిచి వెళ్లగలడు. ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు, నమ్మదగ్గ షాటు ఉన్న కుర్రాడు కనిపిస్తే ఎవరో ఒకరు ఒప్పంద పత్రం పట్టుకుని ఇంటికొస్తారు. అందులో పెద్ద అంకె ఉంటుంది. ఇంట్లో అందరి చూపూ దాని మీదే నిలుస్తుంది.

అంకె కన్నా ముందు చూడాల్సినవి రెండున్నాయి. ఆ డబ్బులో ఖాయంగా వచ్చేది ఎంత? దానికి బదులుగా పిల్లవాడి జీవితంలో ఎన్నేళ్లు రాసిస్తున్నాం? కింద రాసిన జవాబులన్నిటి వెనకా ఈ రెండు ప్రశ్నలే ఉన్నాయి. ఇది సాధారణ అవగాహన కోసం రాసింది. మీ ఒప్పందాన్ని ఒక వకీలు చదవాల్సిందే.

మా వాడికి 17. ఐదేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టేశాడు. అది చెల్లుతుందా?

చెల్లదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఒప్పందం చేసుకునేవారు మేజర్లై ఉండాలి, అంటే 18 నిండాలి. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ లేనట్టేనని 1903లో మోహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. మన న్యాయస్థానాలు ఇప్పటికీ ఆ దారినే నడుస్తున్నాయి. స్టాంపు పేపరు మీద రాసినా, నోటరీ ముద్ర కొట్టించినా చెల్లనిది చెల్లుబాటు కాదు.

ఇది విని ఊపిరి పీల్చుకునే ముందు రెండో వైపు కూడా చూడాలి. అకాడమీ మీ అబ్బాయిని ఆ ఒప్పందంతో కట్టేయలేనట్టే, మీ అబ్బాయి కూడా దాన్ని చూపించి డబ్బు రాబట్టుకోవడం కష్టం. 1949 లా రిపోర్టుల్లో ఉన్న బొంబాయి హైకోర్టు కేసు ఒకటుంది: రాజ్ రాణీ, ప్రేమ్ అదీబ్ మధ్య నడిచింది. మైనరు అమ్మాయి సినిమాలో నటించేందుకు ఆమె తరఫున తండ్రి ఒప్పందం చేసుకున్నాడు. నిర్మాత వేషం ఇవ్వలేదు. ఆమె దావా వేస్తే ఆ ఒప్పందమే చెల్లదని దావా కొట్టేశారు. తండ్రి సంతకం ఉండి కూడా పిల్లకు దక్కిందేమీ లేదు. మైనరు తన వంతు పని అప్పటికే పూర్తి చేసేసి, ఎదుటివాళ్లు మాత్రం ఇవ్వాల్సింది బాకీ ఉన్న సందర్భాల్లో న్యాయస్థానాలు మైనరు పక్షాన నిలిచిన తీర్పులూ ఉన్నాయి. అయితే ఒక కుటుంబం అలాంటి ఆశ మీద ఐదేళ్లు పణంగా పెట్టకూడదు. 18 నిండేదాకా ఏ డబ్బు వచ్చినా పని జరిగిన నెలలోనే, పిల్లవాడి బ్యాంకు ఖాతాలో పడాలి. ‘చివర్లో మొత్తం ఇస్తాం’ అనే మాటకు మైనరు విషయంలో చట్టం అండ చాలా తక్కువ.

తండ్రో తల్లో జాగ్రత్తగా చూడాల్సిన వాక్యం ఇంకొకటి ఉంటుంది. ‘ఆటగాడు మధ్యలో మానేస్తే సంరక్షకుడు ఇంత మొత్తం చెల్లిస్తాడు’ అని రాసుంటే అది మీరు మీ పేరుతో ఇస్తున్న హామీ. పిల్లవాడి ఒప్పందం చెల్లకపోయినా ఆ హామీ పట్టుకుని మీ మీదికి రావచ్చు. దాన్ని కొట్టేయించండి. ఒప్పుకోకపోతే సంతకం పెట్టకండి.

18 నిండిన రోజున పాత ఒప్పందాన్ని ‘అంగీకరిస్తున్నాను’ అని రాసిస్తే సరిపోదు. మొదట్నుంచీ లేనిదాన్ని తర్వాత ఆమోదించడం కుదరదు. కొత్త ఒప్పందం కావాలి. నా దృష్టిలో ఆ కుటుంబానికి అదే మంచి అవకాశం, ఎందుకంటే బేరం అక్కడ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

పిల్లవాడికి 13 అయితే?

అప్పుడు ఇంకో చట్టం కూడా వస్తుంది. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం 14 ఏళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకోకూడదంటుంది. సర్కస్ తప్ప వినోద, క్రీడా కార్యక్రమాలకు షరతులతో మినహాయింపు ఉంది. ఆ షరతులు 2017 నిబంధనల్లో ఉన్నాయి: రోజుకు ఐదు గంటలకు మించకూడదు, విశ్రాంతి లేకుండా వరసగా మూడు గంటలు దాటకూడదు, 27 రోజులకు మించి ఎడతెగకుండా పని చేయించకూడదు, జిల్లా మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరుతో జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. స్కూలు జట్టుకు ఆడటం, కోచింగుకు వెళ్లడం వేరు. డబ్బిచ్చి ప్రదర్శన మ్యాచ్‌లు ఆడించడం, ప్రకటనల్లో చూపించడం మొదలైతే ఈ నిబంధనల గురించి అడగాలి.

ఐదేళ్లకు 40 లక్షలంటున్నారు. పెద్ద మొత్తమే కదా?

మొత్తం చూసి చెప్పలేం, విడదీసి చూడాలి. ఉదాహరణకు అందులో మొదటి ఏడాది ఇచ్చే 4 లక్షలే ఖాయం, మిగతాది ‘ఆటతీరును బట్టి, యాజమాన్యం నిర్ణయం మేరకు’ అని ఉందనుకోండి. అప్పుడు మీ చేతిలో ఉన్నది 4 లక్షల ఒప్పందమే. మీరు రాసిస్తున్నవి మాత్రం ఐదేళ్లు. కొన్నిచోట్ల హాస్టలు, భోజనం, కోచింగు, బూట్లు అన్నిటికీ వాళ్లే ధర కట్టి ఆ 40 లక్షల్లో కలిపేస్తారు. డబ్బుగా ఎంత, సౌకర్యాలుగా ఎంత అనేది వేర్వేరుగా రాయించుకోండి.

పోల్చి చూసేందుకు ఒక అంకె: ఖేలో ఇండియా పథకంలో ఎంపికైన క్రీడాకారుడి కోసం ఏడాదికి 6.28 లక్షలు కేటాయిస్తారు. శిక్షణ, వసతి, భోజనం పోను చేతికిచ్చే భత్యం నెలకు 10 వేల చొప్పున 1.20 లక్షలు. ఒక ప్రైవేటు ఒప్పందం దీనికన్నా మెరుగా కాదా అన్నది మొదటి కొలత.

అమెరికా లీగు ఎన్‌బీఏలో కూడా, కొత్త ఆటగాళ్లను జట్లు ఎంచుకునే డ్రాఫ్టు మొదటి రౌండ్‌లో ఎంపికైన కుర్రాడి తొలి ఒప్పందం నాలుగేళ్లదని చెప్పుకుంటారు గాని, అందులో మొదటి రెండేళ్లే ఖాయం. మూడో ఏడూ, నాలుగో ఏడూ కొనసాగించాలా వద్దా అన్నది జట్టు ఇష్టం. ఆటగాడికి ఆ ఎంపిక లేదు. అక్కడ ఖాయమైన రెండేళ్ల జీతమే కోట్లలో ఉంటుంది కాబట్టి ఆ అసమానత భరించగలిగేదే. మన దగ్గర ఖాయమయ్యేది వేలల్లో ఉన్నప్పుడు అదే పద్ధతి అన్యాయం.

ఇంతకీ మా అబ్బాయికి అంత డబ్బు తగునా? దాన్ని ఎలా తూచాలి?

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. తల్లిదండ్రులు పైకి అడగరు గాని లోపల ఉంటుంది. క్లబ్బు వాళ్లకీ ఉంటుంది.

కుర్రాడికిచ్చే డబ్బు ఇప్పటిదాకా ఆడినదానికి కాదు, ఇకముందు ఎలా ఆడతాడన్న అంచనాకి. పిందె దశలోనే మామిడితోటను గుత్తకిచ్చినట్టు ఉంటుంది ఈ బేరం. గాలివాన భయం కొనేవాడిది కాబట్టి ధర తక్కువ పలుకుతుంది, కాపు విరగకాస్తే లాభం కూడా అతనిదే. అందుకని ‘తగునా’ అన్నది ఒక్క అంకెతో తేలదు. నష్టం వస్తే ఎవరు మోస్తారు, లాభం వస్తే ఎవరికి పోతుంది అని కూడా చూడాలి.

ఎన్‌బీఏ ఆటగాడు స్టీఫెన్ కర్రీ సంగతి చూడండి. 2012లో అతని చీలమండలు పదే పదే గాయపడుతున్నాయి. గోల్డెన్ స్టేట్ వారియర్స్ నాలుగేళ్లకు 4.4 కోట్ల డాలర్లకు ఒప్పందం రాసింది. గాయాలున్న కుర్రాడికి అంతెందుకన్నవాళ్లు అప్పుడున్నారు. 2015లో, 2016లో వరసగా అతనే అత్యంత విలువైన ఆటగాడయ్యాడు, ఆ రెండోసారి ఓట్లన్నీ ఏకగ్రీవంగా అతనికే. ఆ నాలుగేళ్లూ తన ఆట స్థాయికి చాలా తక్కువకే ఆడాడు. 2017లో గాని ఐదేళ్లకు 20.1 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కలేదు. కర్రీ నష్టపోయాడా? గాయం ముదిరి కెరీర్ ఆగిపోయి ఉంటే ఆ 4.4 కోట్లే అతణ్ని కాపాడేవి. ఖాయమైన డబ్బు కోసం తర్వాత రాగల పెద్ద లాభం వదులుకున్నాడు. ఆ బేరంలో న్యాయం ఉంది, ఎందుకంటే రెండు వైపులా ఇచ్చిపుచ్చుకున్నారు.

ఇంకో వైపు సత్నామ్ సింగ్ భామరా. పంజాబ్ పల్లె నుంచి 2010లో స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్లాడు. ఏడడుగుల పైచిలుకు ఎత్తు. 2015లో డాలస్ మావెరిక్స్ 52వ స్థానంలో ఎంపిక చేసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్టులో ఎంపికైన తొలి భారతీయుడు అతనే. దేశమంతా సంబరపడ్డాం. అనుబంధ జట్టు టెక్సాస్ లెజెండ్స్‌కు ఆడాడు గాని, ఎన్‌బీఏ మ్యాచ్‌లో అడుగు పెట్టలేకపోయాడు. ఎత్తు చూసి కట్టిన విలువ ఆటలో నిలవాలంటే ఇంకా చాలా కావాలని అతని ప్రయాణం చెబుతుంది. అతని శ్రమను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. అంత దూరం వెళ్లిన భారతీయుడు అంతకు ముందు లేడు.

మరి హూడి కుర్రాణ్ని ఏం చూసి తూచాలి? పాయింట్లకన్నా ముందు ఎవరి మీద సాధించాడో చూడండి. స్కూలు టోర్నీలో 30 పాయింట్లు, అదే వయసు జాతీయ పోటీలో బలమైన జట్టు మీద 12 పాయింట్లు వస్తే నేను ఆ 12నే లెక్కలోకి తీసుకుంటాను. తర్వాత వయసు. పుట్టినతేదీ దిద్దితే ఒప్పందం విలువ మొత్తం అబద్ధమవుతుంది. క్రీడల్లో వయసు మోసాల మీద కేంద్రం నియమావళి 2010 నుంచే ఉంది, దొరికితే వేటు పడుతుంది. 15 ఏళ్లకే గడ్డం వచ్చి తోటివాళ్లను తోసుకుంటూ పాయింట్లు కొట్టే పిల్లవాడు 19 వచ్చేసరికి మామూలు ఆటగాడు కావచ్చు, ఎందుకంటే అప్పటికి అందరూ ఎదిగి ఉంటారు. ఆలస్యంగా ఎదిగేవాడు, బంతి మీద పట్టున్నవాడు కోచ్‌ల కంట పడరు, వాళ్లే తర్వాత ముందుకొస్తారు.

ఫ్రీ త్రోలు చూడండి. అడ్డుకునేవాడు లేనప్పుడు చేయి ఎంత నిలకడగా ఉందో అక్కడ తెలుస్తుంది. కోచింగు కేంద్రాల వాళ్లు పంపే వీడియోల్లో డంకులు ఉంటాయి, మూడో క్వార్టరులో అలసిపోయాక వెనక్కి పరిగెత్తి డిఫెన్స్ ఆడాడా లేదా అన్నది ఉండదు. మొత్తం మ్యాచ్ చూడకుండా ఎవరికీ ధర కట్టకూడదు. మోకాళ్లూ చీలమండల చరిత్ర, నిద్ర, చదువు, ఓడిన మర్నాడు ప్రాక్టీసుకు వచ్చాడా అన్నవి కూడా కలపాలి. ఇవన్నీ బాగున్న పిల్లవాడికి క్లబ్బు ఇచ్చేది ఎక్కువేమీ కాదు. మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు ఎక్కువ ఇచ్చేస్తున్నారన్న బాధ నాకెప్పుడూ లేదు. ఇస్తామన్నది ఇవ్వకపోవడమే నా బాధ.

ఒప్పందం ముగిశాక కూడా ‘వేరేవాళ్లు ఇచ్చే ధర మాకు ముందు చెప్పాలి, మేమూ అంతే ఇస్తే మాతోనే ఉండాలి’ అని రాశారు. కట్టుబడాలా?

అక్కర్లేదు. దీని మీద సుప్రీంకోర్టు తీర్పే ఉంది, అదీ ఒక క్రీడాకారుడి కేసులో. క్రికెటర్ జహీర్ ఖాన్ 2000లో పర్సెప్ట్ డీమార్క్ సంస్థతో మూడేళ్ల ఒప్పందం చేసుకున్నాడు. గడువు తీరాక కూడా వేరే ఏజెన్సీ ఇచ్చే ధరకు సరితూగే అవకాశం తమకివ్వాలన్నది అందులో ఒక షరతు. 2003లో అతను మరో సంస్థకు వెళ్తే పర్సెప్ట్ అడ్డుకోబోయింది. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం గడువు ముగిశాక మనిషి వృత్తిని బంధించే షరతు చెల్లదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఎన్‌బీఏలో మాత్రం ఇలాంటి హక్కే జట్లకు ఉంది. తొలి ఒప్పందం ముగిసిన కుర్రాడికి వేరే జట్టు ధర పలికితే పాత జట్టు అంతే ఇచ్చి నిలుపుకోవచ్చు. అది నిలబడటానికి కారణం ఆటగాళ్ల యూనియన్ లీగుతో కూర్చుని రాసుకున్న సమష్టి ఒప్పందం. ఆ హక్కుకు బదులుగా ఆటగాళ్లు వేరే లాభాలు తెచ్చుకున్నారు. ఆరేళ్ల అనుభవం లోపు ఆటగాడికి జట్టు జీతాల పరిమితిలో 25 శాతం దాకా, అత్యంత విలువైన ఆటగాడి వంటి గౌరవాలు దక్కితే 30 శాతం దాకా జీతం అందుకునే వీలు కూడా ఆ ఒప్పందంలోదే. హూడిలో ఇంటికొచ్చిన పత్రం వెనక అలాంటి యూనియన్ లేదు, అలాంటి బదులు లాభమూ లేదు. అమెరికా ఒప్పందం నుంచి జట్టుకు పనికొచ్చే షరతు ఒక్కటే ఎత్తుకొచ్చి పెడితే ఒప్పుకోనక్కర్లేదు.

గడువు మధ్యలోనే మానేస్తే? 10 లక్షల బాండ్ కట్టమంటున్నారు.

గడువులో ఉండగా సంగతి వేరు. 2025 మే 14న విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మూడేళ్లలోపు ఉద్యోగం మానిన ఒక అధికారి 2 లక్షలు చెల్లించాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది.   కాబట్టి మేజరు ఆటగాడు సంతకం పెట్టిన బాండ్‌ను తేలిగ్గా తీసుకోవద్దు.

కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ అక్కడ కొంత రక్ష. ఒప్పందంలో 10 లక్షలని రాసినంత మాత్రాన 10 లక్షలూ ఇప్పించరు. అది గరిష్ఠ పరిమితి. అందులో సబబైన పరిహారం ఎంతో న్యాయస్థానం నిర్ణయిస్తుంది. ఏడాదికి లక్ష ఖర్చు పెట్టి 10 లక్షలు అడిగితే ఎందుకో చూపించాల్సి ఉంటుంది. ఇంకో సంగతి, ఇష్టం లేని మనిషి చేత బలవంతంగా ఆడించమని ఏ న్యాయస్థానమూ ఆదేశించదు. డబ్బు అడగగలరు, ఆట లాక్కోలేరు. సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు అకాడమీ దగ్గర ఉంచమంటే నిరాకరించండి, ఒరిజినల్స్ మీ ఇంట్లోనే ఉండాలి.

లీగు మూతపడితే?

పడుతుంది, పడింది కూడా. 2015లో మొదలైన యూబీఏ లీగులో బెంగళూరు బీస్ట్ అని జట్టుండేది. కొన్ని సీజన్లకే లీగు ఆగిపోయింది. తర్వాత వచ్చిన ఐఎన్‌బీఎల్ లీగు 2022–23 సీజన్‌లో బెంగళూరు కింగ్స్ ఆడింది. 2025లో 25 ఏళ్ల లోపువారి కోసం ఆరు జట్లతో ఐఎన్‌బీఎల్ ప్రో పెడితే హైదరాబాద్ ఫాల్కన్స్ ఉంది గాని బెంగళూరు జట్టు లేదు. ఇది మన దేశపు బలహీనత మాత్రమే కాదు. భారత ఆటగాడు ప్రిన్స్‌పాల్ సింగ్ 2020లో చేరిన జీ లీగ్ ఇగ్నైట్, ఎన్‌బీఏ సొంతంగా కుర్రాళ్ల కోసం పెట్టిన జట్టు, 2024లో మూతపడింది.

అందుకని ఒక్క వాక్యం రాయించండి: లీగు జరగకపోయినా, జట్టు చేతులు మారినా, వరసగా రెండు నెలలు జీతం ఆగినా ఆటగాడికి వెంటనే విడుదల, పెండింగు డబ్బు ఫలానా తేదీలోగా. ఐదేళ్ల ఒప్పందంలో ఈ వాక్యం లేకపోతే పిల్లవాడు ఆడటానికి జట్టు లేక, వేరేచోట ఆడే స్వేచ్ఛా లేక మిగిలిపోతాడు.

గాయపడితే ఖర్చెవరిది?

రాయకపోతే మీదే. మోకాలి లిగమెంటు తెగితే శస్త్రచికిత్స ఒక్కటే కాదు, తిరిగి ఆడటానికి నెలల తరబడి ఫిజియోథెరపీ కావాలి, తొమ్మిది నెలలు దాటిపోవడం మామూలే. ఆ కాలంలో జీతం ఇస్తారా? ‘ఫిట్‌నెస్ లేకపోతే రద్దు’ అని ఒక ముక్క రాసుంటే గాయమే రద్దుకు కారణమవుతుంది. ఆటలో తగిలిన గాయానికి రద్దు వర్తించదని, చికిత్స పూర్తయ్యేదాకా కనీసం సగం జీతం ఉంటుందని అడగండి. గాయం ఆటలోనే తగిలిందో లేదో తేల్చే డాక్టరు క్లబ్బు మనిషే కాకూడదు. అంకె తగ్గించుకునైనా ఈ షరతు తెచ్చుకోమని నా సలహా.

అమ్మాయికి ఇలాంటి ఒప్పందాలు వస్తాయా?

తక్కువ, అది సిగ్గుపడాల్సిన విషయం. 2017లో కంఠీరవలో జరిగిన ఆసియా కప్ బి డివిజన్‌ను మన అమ్మాయిలు గెలిచి పై డివిజన్‌కు చేరారు. 2019 మహిళల ఆసియా కప్ కూడా అక్కడే జరిగింది. బెంగళూరు ఇంత చూసింది. అయినా మహిళా క్రీడాకారిణికి దేశంలో నమ్మకమైన జీతం ఇప్పటికీ ఎక్కువగా రైల్వేల నుంచే వస్తోంది. అమ్మాయిల ఒప్పందంలో హాస్టలు, ప్రయాణాల్లో మహిళా మేనేజరు, ఫిర్యాదు ఎవరికి చేయాలన్న వివరం తప్పక ఉండాలి. 18 ఏళ్ల లోపు పిల్లలెవరైనా సరే పోక్సో చట్టం వర్తిస్తుంది, ‘విషయం బయట చెప్పకూడదు’ అనే గోప్యత షరతు దాని ముందు నిలబడదు.

కాంట్రాక్టా, స్పోర్ట్స్ కోటా ఉద్యోగమా?

మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆటగాడికి చాలాకాలంగా అసలైన పెద్ద ఒప్పందం ఉద్యోగమే. రైల్వేలు, సర్వీసెస్, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ వంటి జట్ల పేర్లు జాతీయ పోటీల్లో వినిపించడం వెనక సంగతి అదే. 22 ఏళ్లకు గాయంతో ఆట ఆగినా జీతం ఆగదు. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లతో నేను ఏకీభవించను.

కోటాలో పనికొచ్చేది సర్టిఫికెట్టే. కేంద్ర ఉద్యోగాలకు పోటీ స్థాయిని బట్టి ఫారాలున్నాయి: అంతర్జాతీయ పోటీకి జాతీయ ఫెడరేషన్ ఇచ్చే ఫారం 1, జాతీయ పోటీకి రాష్ట్ర సంఘం ఇచ్చే ఫారం 2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీకి యూనివర్సిటీ ఇచ్చే ఫారం 3, జాతీయ స్కూలు పోటీలకు విద్యాశాఖ ఇచ్చే ఫారం 4. ప్రైవేటు లీగులో ఎంత మెరిసినా ఆ మెరుపు ఈ ఫారాల్లోకి రాదు. రాష్ట్ర జట్టు క్యాంపుకు, సెలక్షన్లకు విడిచిపెడతామన్న హామీ ఒప్పందంలో ఉండి తీరాలి.

హూడి తెలుగువాళ్లకు ఇందులో ఒక చిక్కు ఉంది. ఆంధ్రప్రదేశ్ 2024 క్రీడా విధానంలో ఉద్యోగాల కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. ఆశగా ఉంటుంది. అయితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రాజ్యాంగం 371డి అధికరణం కింద స్థానికత లెక్క చదివిన చోటుతో ముడిపడి ఉంటుంది. చిన్నప్పట్నుంచీ బెంగళూరులో చదివిన పిల్లవాడు అక్కడ స్థానికేతరుడయ్యే అవకాశం ఎక్కువ. పైగా వాడు ఆడుతున్నది కర్ణాటక తరఫున. ‘సొంత రాష్ట్రంలో ఎలాగూ వస్తుంది’ అనుకుని కర్ణాటకలో ఉన్న అవకాశాలు వదలొద్దు. రాష్ట్రం మారి ఆడాలంటే పాత రాష్ట్ర సంఘం నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) అడుగుతారని కూడా గుర్తుంచుకోండి.

తర్వాత అమెరికా కాలేజీకి పంపాలనుకుంటున్నాం. ఇప్పుడు డబ్బు తీసుకోవచ్చా?

ముందు ఆ కాలేజీ కంప్లయన్స్ ఆఫీసుకు రాసి అడగండి, తర్వాతే సంతకం. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ అర్హత నిబంధనలు ఈమధ్య వేగంగా మారుతున్నాయి. 2021 జులై 1 నుంచి విద్యార్థి క్రీడాకారులు తమ పేరు, ఫోటో వాడుకున్నందుకు డబ్బు తీసుకోవచ్చు. 2025 జూన్‌లో ఆమోదం పొందిన రాజీ ప్రకారం కాలేజీలే ఏటా సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకు పంచవచ్చు. అయినా ప్రొఫెషనల్ ఒప్పందం, ఏజెంటుతో లావాదేవీలు అర్హతను చిక్కుల్లో పడేయగలవు. ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద వెళ్లే మన పిల్లలకు ఇంకో అడ్డుంది. ఆ వీసాలో పనిచేసి సంపాదించడంపై కఠినమైన పరిమితులున్నాయి. పక్కనున్న అమెరికన్ సహచరుడు తీసుకునే డబ్బే మనవాడు తీసుకుంటే వీసాకు ముప్పు రావచ్చు.

విదేశీ క్లబ్బు పిలిస్తే?

18 నిండకముందు అంతర్జాతీయ బదిలీకి ప్రత్యేక సందర్భాల్లో తప్ప అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా ఒప్పుకోదు. 18 దాటాక జాతీయ ఫెడరేషన్ నుంచి క్లియరెన్స్ లేఖ కావాలి. ఏజెంటుకు ఫీబా లైసెన్సు ఉందో లేదో చూడండి. లైసెన్సు లేనివాడు ముందస్తు ఫీజు అడిగితే అక్కడితో మాటలు ఆపేయండి. 2017లో ఆస్ట్రేలియాకు చెందిన అడిలైడ్ 36ఎర్స్‌తో విశేష్ భృగువంశీ ఒప్పందం చేసుకున్నాడు. ఆ జట్టు ఆడే ఆస్ట్రేలియా లీగులో ఒప్పందం చేసుకున్న తొలి భారతీయుడు అతనే. దారి ఉంది, కాకపోతే అప్పటికే అతను జాతీయ జట్టులో ఏళ్లుగా ఆడినవాడు.

ప్రోటీన్ పొడులు, సప్లిమెంట్లు వాళ్లే ఇస్తామంటున్నారు.

డబ్బాల పేర్లు, బ్యాచ్ నంబర్లు రాసి పెట్టుకోండి, ఫోటో తీసుకోండి. శరీరంలో దొరికినదానికి బాధ్యత ఆటగాడిదే, ఎవరిచ్చారన్నది తర్వాతి మాట. 2019 నవంబరు పరీక్షలో నిషేధిత పదార్థం హైజెనమీన్ దొరికిందని 2020 డిసెంబరులో సత్నామ్ సింగ్‌పై రెండేళ్ల నిషేధం పడింది.

పన్ను?

క్రీడాకారులకిచ్చే ఫీజులో సాధారణంగా 10 శాతం టీడీఎస్ కోస్తారు. మైనరు తన నైపుణ్యంతో సంపాదించినది తల్లిదండ్రుల ఆదాయంలో కలవదు, పిల్లవాడి పేరుతోనే రిటర్ను వేయాలి. పాన్ కార్డు ముందే తీసుకోండి. ‘నగదుగా ఇస్తాం, కాగితం మీద తక్కువ చూపిద్దాం’ అంటే ఒప్పుకోవద్దు. రేపు జీతం ఎగ్గొట్టినప్పుడు చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

తగాదా వస్తే ఎక్కడికి వెళ్లాలి?

ఒప్పందం చివరి పేజీలో ఉంటుంది, అందరూ అదే వదిలేస్తారు. ‘ఢిల్లీ న్యాయస్థానాల పరిధి మాత్రమే’ అని ఉంటే ప్రతి వాయిదాకీ హూడి నుంచి ఢిల్లీ వెళ్లాలి. బెంగళూరు అని మార్పించండి. మధ్యవర్తిని యాజమాన్యమే ఏకపక్షంగా నియమిస్తుందని రాస్తే ఆ పద్ధతి చెల్లదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఏకపక్ష నియామకాలను తప్పుపట్టింది. విదేశీ ఒప్పందమైతే 2007లో ఫీబా నెలకొల్పిన, ఇప్పుడు బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్‌గా ఉన్న వేదిక పేరు రాయించుకోవడం మేలు. ఒప్పందంలో దాని పేరు ఉంటేనే అది మీ కేసు వింటుంది. ఫెడరేషన్లతో, సెలక్షన్లతో వచ్చే తగాదాల కోసం 2025 జాతీయ క్రీడా పాలన చట్టం జాతీయ క్రీడా ట్రిబ్యునల్‌కు వీలు కల్పించింది. మీ అకాడమీ జీతం బాకీ మాత్రం మామూలు సివిల్ తగాదాయే.

ఇవాళే సంతకం పెట్టాలి, రేపైతే ఈ అవకాశం ఉండదంటున్నారు.

ఒక కాపీ ఇచ్చి వెళ్లమనండి. వారం గడువు అడగండి. ఆ వారంలో వకీలుకు చూపించండి. ఆ జట్టులో ఇంతకుముందు ఆడి బయటికొచ్చిన ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లతో మాట్లాడి జీతం నెలనెలా అందిందా, గాయమైనప్పుడు ఎవరు చూశారు అని అడగండి. కంఠీరవలో ఉన్న కర్ణాటక రాష్ట్ర బాస్కెట్‌బాల్ సంఘానికి వెళ్లి ఆ లీగుకు గుర్తింపుందో లేదో కనుక్కోండి, ఎందుకంటే గుర్తింపు లేని లీగులో ఆడటం రాష్ట్ర సెలక్షన్లకు అడ్డు కావచ్చు. కాపీ ఇవ్వడానికే నిరాకరిస్తే ఆ ఒప్పందం మీద సంతకం పెట్టించకండి.